పట్నవాసమునకు ఇల్లు వెదకుట



నేటి ప్రసంగమునకు కారణమైన సంగతిని ముందుగా మనవి చేసెదను. గత వైశాఖమాసమున ఒకనాటి సాయంకాలము పట్టిసీమ రేవున నేను కూర్చుండియుండగా, మా వీధివారే యైన ఒక పెద్దమనిషి వచ్చి నా ప్రక్కన కూర్చుండిరి. ఆయన నాకంటె పది సంవత్సరములు పెద్ద. నేను ఆయనను బాబాయిగారూ యందును. ఆయన నన్ను మాష్టారూ యందురు. ఆయన చేతిలో రంగురంగుల కాగితమొకటి యున్నది. హైదరాబాదునకు వెలుపల నెచ్చటనో కట్టబోవు అపార్టుమెంటు బొమ్మ దానిమీద అచ్చువేసియున్నది. మనుమడు పంపెనట.

"మాష్టారూ, గుమ్మం తూర్పుకే ఉందిట. ధర కూడా తక్కువేనట. ఎకరమున్నర అమ్మితే సరిపోతుందంటున్నాడు కుర్రాడు. ఓసారి చూసి చెప్పండి" అనిరి.

నేను కాగితమును ఇరువైపుల చూచితిని. తూర్పు గుమ్మము, ఈతకొలను, పిల్లలు ఆడుకొను తోట, ఇవన్నియు వ్రాసియున్నవి. ఆ స్థలమున కురిసిన వాననీరు ఎటు పోవునో మాత్రము వ్రాసియుండలేదు. ఆ మాటయే ఆయనతో నంటిని. ఆయన కొంతసేపు గోదావరి వంక చూచి, "అది మనం అడగాలా? కట్టేవాడు చూసుకోడూ?" అనిరి. ఈ ప్రశ్నకు సమాధానమే నేటి నా ప్రసంగము.

ఈ వయస్సున మనమెవ్వరమును పట్నమునకు కాపురము పోవువారము కాము. అయినను పట్నపు ఇంటితో మనకేమి పని యని యనుకొనరాదు. అద్దెయింటికి అడ్వాన్సు మన పెట్టెలోనుండియే పోవుచున్నది. ఫ్లాటు కొనుటకు పొలము మన సంతకముతోడనే అమ్ముడగుచున్నది. చదువుకొన్న పిల్లలకు కంప్యూటరు విద్య తెలియును గాని నేల విద్య తెలియదు. అది మనకు తెలియును. తెలిసియు పట్నమున అడుగు పెట్టగానే మరచిపోవుచున్నాము. నేనును మరచినవాడనే, ఆ సంగతి ముందు చెప్పెదను.

మన యూళ్లలో ఇల్లు కట్టదలచినవాడు మొట్టమొదట అడుగునదేమి? స్థలము మెరకయా, పల్లమా యని. తరువాత వాన కురిసినపుడు నీరు ఏ పుంతవెంట పోవునని. ఆపైని వరద వచ్చినపుడు ఎంతవరకు నిలిచినదని. 1986 ఆగస్టులో ధవళేశ్వరము ఆనకట్టవద్ద ప్రవాహము 35 లక్షల క్యూసెక్కులకు మించినపుడు నేను క్రొత్తగా ఉద్యోగమున చేరినవాడను. ఆనాటి నీటిగుర్తును ఒక పెద్దాయన బడిగోడమీద బొగ్గుతో గీసెను. గోడకు ఎన్నిసార్లు సున్నము వేసినను ఎవరో ఒకరు ఆ గీతను మరల గీయుచునే యుండిరి. ఆ గీతకు దిగువను ఎవ్వరును ఇంటి అరుగు కట్టలేదు. 2022 జులైలో మరల పెద్దవరద వచ్చినపుడు ఆ గీత విలువ ఎంతటిదో కుర్రవారికి తెలిసినది.

మన ప్రాచీనులును ఇల్లు కట్టుటకు ముందు భూపరీక్షను విధించిరి. వరాహమిహిరుడు బృహత్సంహితలో, మూరెడు లోతు గొయ్యి త్రవ్వి, ఆ మట్టితోడనే దానిని పూడ్చి చూడుమనెను. మట్టి మిగిలిన నేల మంచిది. చాలకపోయిన నేల మంచిది కాదు. గోతిలో నీరు పోసి అది ఎంతసేపు నిలుచునో చూడుమనియు చెప్పెను. నేడు వాస్తు వాస్తు అని గుమ్మముల దిక్కులను కొలుచువారు ఈ భాగమును ఎందులకో విడిచిపెట్టిరి. గుమ్మము తూర్పైనను నేల పల్లమైనచో, ఆ తూర్పు గుమ్మముననే నీరు లోనికి వచ్చును.

ఇక హైదరాబాదు నేల సంగతి. మనది నది ఒండ్రుతో ఏర్పడిన నేల. అక్కడిది రాతినేల, ఎగుడుదిగుడుల పీఠభూమి. అక్కడ కాలువలు పారించు మహానది లేదు గనుక, పూర్వులు ప్రతి రెండు మెరకల నడుమనున్న పల్లమునకు అడ్డముగా కట్టవేసి చెరువు చేసిరి. పై చెరువు నిండి పొర్లిన నీరు క్రింది చెరువునకు, అది నిండినచో మరియొక దానికి, ఇట్లు గొలుసువలె పోయి తుదకు మూసీనదిలో కలియును. హుసేన్‌సాగరము ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున, పదునారవ శతాబ్దిలో కట్టినది. పట్టణము పేరు వినని చిన్న చిన్న కుంటలు, చెరువులు శివార్లలో వందలకొలది యుండెడివి.

ఆ గొలుసు తెగిననాడు ఏమగునో 1908 సెప్టెంబరు 28వ తేదీన లోకము చూచినది. మూసీకి ఎగువనున్న చెరువులు రెండువందలకు పైగా తెగి, నీరంతయు ఒక్కుమ్మడి నగరముమీద పడినది. వేలకొలది జనులు మరణించిరి. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోనున్న చింతచెట్టు నెక్కి 150 మంది ప్రాణములు దక్కించుకొనిరని చెప్పుదురు. ఆ పిమ్మట మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి వారి సలహా ననుసరించి 1920లో ఉస్మాన్‌సాగరమును, 1927లో హిమాయత్‌సాగరమును పూర్తిచేసిరి. మూసీ కొంత లొంగినది. కాని శివార్ల చెరువుల సంగతి వేరు. నగరము పెరిగినకొలది పొలములు ఇండ్లైనవి. పొలమునకు నీరు అక్కరలేనిదే చెరువుతో పనియేమని దాని గర్భములోనికి కూడ ఇండ్లు దిగినవి. చెరువునుండి చెరువునకు పోవు వాగు సన్నగిల్లి మురుగుకాలువ యైనది. నీటికి మాత్రము పాతదారి జ్ఞాపకమున్నది.

2000 ఆగస్టు 24న అది జ్ఞాపకము చేసుకొన్నది. 2016 సెప్టెంబరులో నిజాంపేట భండారీ లేఅవుటులో ఇండ్ల క్రింది అంతస్తులు మునిగినపుడు మరల జ్ఞాపకము చేసుకొన్నది. 2020 అక్టోబరు 13, 14 తేదీలలో ఘట్‌కేసరు ప్రాంతమున ఒక్కదినములో ముప్పది సెంటీమీటర్లకు మించి వాన కురిసినది. అనగా ఆకాశమునుండి అడుగు లోతు నీరు నేలమీద పోసినట్లు. ఆ నెలలోనే బాలాపూరు వద్ద గుర్రముచెరువు కట్ట తెగి దిగువ కాలనీలు మునిగినవి.

ఆ రాత్రి నా కుమారుడు, కోడలు, నాలుగేండ్ల మనుమరాలు నగరమునకు తూర్పుననున్న ఒక కాలనీలో మేడమీద నిలుచుండిరి. వారున్నది క్రింది వాటా. ఆ కాలనీ పేరు చెప్పను. అక్కడ నేటికిని కాపురమున్నవారు కలరు. నేను చెప్పదలచినది నా తప్పును గూర్చి మాత్రమే. ఆ యిల్లు వారు 2018లో అద్దెకు తీసికొనినపుడు నేనే పోయి చూచి, బాగున్నదంటిని. గాలి వెలుతురు ధారాళముగా నున్నవి. అద్దె చుట్టుప్రక్కల ఇండ్లకంటె మూడవవంతు తక్కువ. కాలనీకి ఒక అంచున ఎత్తైన రోడ్డు, దాని కిరువైపుల వేపచెట్లు. అక్కడ నున్న దినములన్నియు ఉదయమున ఆ రోడ్డుమీద నడచి, ఎంత చక్కని నడకదారి యని సంతోషించితిని. అది చెరువుకట్ట. ఏటిగట్టుమీద పుట్టి పెరిగిన నేను గట్టును గట్టని గుర్తింపలేకపోయితిని! గట్టునకు ఒకవైపు నీరుండవలెను గదా యని మీరడుగవచ్చును. నేను చూచినది వేసవి. గట్టునకు ఆవలివైపున పచ్చిక, ఆ పచ్చికలో పిల్లల క్రికెట్ ఆట. అద్దె ఏల తక్కువ యని ఇంటి యజమానిని అడుగలేదు. తక్కువైన వస్తువునకు కారణమడిగిన ధర పెంచునేమో యని భయపడితిని కాబోలు.

ఇంటిలో నడుములోతు నీరు నిలిచినది. రెండు పగళ్లు, ఒక రాత్రి వారు మేడమీదనే యుండిరి. పైవాటావారు అన్నము పెట్టిరి. ప్రాణములకు హాని కలుగలేదు. బీరువా అడుగున పెట్టిన చదువు సర్టిఫికెట్లు, పిల్ల పుట్టినరోజు పత్రము, కోడలి పెండ్లిచీరెలు, స్కూటరు, బియ్యము, అన్నియు పోయినవి. మనుమరాలు నేటికిని పెద్దవాన కురిసినచో మంచము దిగదు. రెండున్నర సంవత్సరములు మిగిల్చిన అద్దె సొమ్మంతయు ఆ రెండుదినముల నష్టమునకు చాలలేదు.

ఇది హైదరాబాదునకే ప్రత్యేకమని భావింపకుడు. మన తండ్రుల తరమువారికి పట్నమనగా మద్రాసు. అక్కడ మన తెలుగువారెందరో కాపురమున్న త్యాగరాయనగరము 1920 ప్రాంతములలో మాంబళము పెద్దచెరువును పూడ్చిన నేలపై వెలసినదే. 2015 డిసెంబరులో మద్రాసు మునిగినపుడు వేళచ్చేరి మొదలైన శివార్లు చెరువుల పల్లములలో నుండుట ఎంత ప్రమాదమో అందరికిని తెలిసినది.

కావున పట్నపు శివారున ఇల్లు చౌకగా దొరకినపుడు అడుగవలసిన మొదటి ప్రశ్న: ఇది ఏల చౌక? చౌకలో రెండు జాతులున్నవి. ఊరికి దూరము గనుక చౌక యన్నది ఒకటి. అది నిజాయితీ గల చౌక. లెక్కవేసికొని మనకు కుదురునో లేదో తేల్చుకొనవచ్చును. నేలలో దోషముండి చౌక యన్నది రెండవది. దానిని ఎవ్వరును చెప్పరు, మనమే కనిపెట్టవలెను.

కనిపెట్టుటకు ముందు అచ్చటి మాటలు కొన్ని నేర్చుకొనవలెను. మనము చెరువు గర్భమనుదానిని అచ్చటి భూమి లెక్కలలో శిఖము భూమి యందురు. దస్తావేజులో ఆ మాట కనబడినచో కాగితము మడిచి యిచ్చివేయవలెను. అచ్చట నల్లా యనగా మంచినీటి కుళాయి. నాలా యనగా మురుగు, వాననీరు పారు కాలువ. ఇంటి ప్రక్కనే నాలా యున్నదని చెప్పగా, కుళాయి దగ్గరే గదా యని సంతోషించిన మన గోదావరి పెద్దమనిషి నొకనిని నేనెరుగుదును. ఒక్క దీర్ఘము వలన ఎంత భేదము! ఊరిపేరు చివర కుంట, చెరువు అని యున్నచో ఆ కుంట ఎక్కడ నున్నదని అడుగుడు. ఇప్పుడు లేదన్నచో, ఏమైనదని అడుగుడు.

చెరువు నిండినపుడు నీరు ఎంతవరకు వ్యాపించునో ఆ హద్దును ఎఫ్‌టీఎల్, అనగా పూర్తి నీటిమట్టము, అందురు. దాని లోపల కట్టడములు పనికిరావు. దాని వెలుపల కూడ కొంతమేర విడిచిపెట్టవలెను. దానిని బఫరు అందురు. 2012లో వెలువడిన కట్టడముల నిబంధనల ప్రకారము పది హెక్టార్లు, అనగా సుమారు 25 ఎకరములు గాని అంతకు మించి గాని యున్న చెరువునకు 30 మీటర్లు, అంతకు చిన్నదానికి 9 మీటర్లు విడువవలెను. పది మీటర్లకు మించిన వెడల్పు గల నాలాలకును 9 మీటర్లు, సన్నవానికి 2 మీటర్లు. హైదరాబాదు మహానగర అభివృద్ధి సంస్థవారు చెరువుల పటములను గ్రామము పేరుతోను, సర్వే నంబరుతోను సిద్ధపరచి కంప్యూటరులో అందరికిని కనబడునట్లుంచిరి. మన మనుమలు నిమిషములో తీసి చూపగలరు. సర్వే నంబరు చదువుట వారికి రాదు, మనకు వచ్చును. ఇద్దరును ప్రక్కప్రక్కన కూర్చుండవలెను.

"రిజిస్ట్రేషను అయినది, బ్యాంకు అప్పిచ్చినది, ఇంక భయమేమి?" అనువారు కలరు. రిజిస్ట్రేషను కచేరీ అమ్మినవాడు, కొన్నవాడు వ్రాసికొనిన మాటను నమోదు చేయును గాని ఆ నేల చెరువా, మెరకయా యని తీర్పు చెప్పదు. 2024 జులైలో చెరువుల ఆక్రమణలను తొలగించుటకై హైడ్రా యను సంస్థను ప్రభుత్వము ఏర్పరచినది. ఆ సెప్టెంబరులో కూకట్‌పల్లి నల్లచెరువు వద్దను, అమీన్‌పూరు ప్రాంతమునను కట్టడములు కూల్చినపుడు, కాగితములు చేతబట్టుకొని నిలుచున్నవారి మొగములను మనము టెలివిజనులో చూచితిమి. వారిలో మనవంటివారు ఎందరో!

పటము చూచినంత మాత్రమున చాలదు. వానకాలమున ఒకసారి పోయి చూడవలెను. మధ్యవర్తి వేసవిలోనే చూపును. మనము శ్రావణములో పోవలెను. పోయినపుడు ఇంటిలోపల కంటె ప్రహరీగోడను ముందుగా చూడుడు. గోడ క్రిందిభాగమున సమమైన ఎత్తున మరక యున్నచో అది నీటిగుర్తు. ప్రక్కయిండ్లవారు గడప ముందు రెండడుగుల అడ్డుగోడ కట్టుకొనియున్నచో, అది కుక్కలు రాకుండుటకు కాదు. మధ్యవర్తిని అడుగుట వ్యర్థము. మూలనున్న చిల్లర దుకాణమువానిని, కూరలమ్మువారిని, అపార్టుమెంటు కాపలావానిని అడుగుడు. "2020లో ఇక్కడ నీళ్లు ఎంతవరకు వచ్చాయి?" అనవలెను. "వచ్చాయా?" అనరాదు. వచ్చాయా యన్నచో లేదనుట సులభము. ఎంతవరకు అన్నచో చేయి మోకాలి దగ్గరకు తనంతట తానే పోవును.

దూరముచేత చౌకయైన ఇండ్ల సంగతి కూడ కొంత చెప్పవలెను. మనవారు రైలు దిగిన చోటనే, బస్సు దిగిన చోటనే ఇల్లు వెదకుదురు. అందుచేత కూకట్‌పల్లి, మియాపూరు, నిజాంపేట, ప్రగతినగరు ప్రాంతములు మన గోదావరి జిల్లాలవారితో నిండినవి. మన మాట వినబడును, మన పచ్చళ్లు దొరకును. అది సుఖమే. కాని అందరును అచ్చటనే చేరుటచేత అద్దెలు పెరిగినవి. కంప్యూటరు కచేరీలు మాదాపూరు, గచ్చిబౌలి వైపున, అనగా పడమట నున్నవి. పడమటి అద్దెలు మన పిల్లల జీతములో పెద్దభాగమును మ్రింగుచున్నవి.

2017 నవంబరులో మెట్రోరైలు ఆరంభమైన పిదప లెక్క కొంత మారినది. ఒక దారి మియాపూరు నుండి ఎల్బీనగరునకు పోవును. మరియొకటి తూర్పున నాగోలు వద్ద బయలుదేరి, ఉప్పలు, సికింద్రాబాదు, అమీరుపేటల మీదుగా మాదాపూరు ప్రక్కనున్న రాయదుర్గమునకు చేరును. తూర్పున ఉప్పలు వైపు నున్నవాడు బండి మారకుండ పడమటి కచేరీకి పోగలడు. అక్కడి అద్దె సాధారణముగా పడమటికంటె తక్కువ. కావున మైళ్లు లెక్కింపరాదు. ఎన్నిసార్లు బండి మారవలెనో లెక్కింపవలెను. ఎంఎంటీఎస్ అను స్థానిక రైలు 2003 నుండి నడచుచున్నది. 2023లో మేడ్చలు వైపునకును, 2024లో ఘట్‌కేసరు వైపునకును పొడిగించిరి. కాని అది మెట్రోవలె నిమిషనిమిషమునకు రాదు. స్టేషను దగ్గర యని సంబరపడి ఇల్లు తీసికొనక, పిల్లవాని కచేరీ వేళకు బండి యున్నదో లేదో ముందు చూడవలెను.

లెక్క యెట్లు వేయవలెనో ఒక ఉదాహరణ చెప్పెదను. అంకెలు కేవలము లెక్కకై వేసినవి. దగ్గరి ఇల్లు అద్దె 18,000. దూరపు ఇల్లు 10,000. ఎనిమిది వేలు మిగులునని మన పిల్లవాడు సంతోషించును. ఇప్పుడు పెట్రోలు అధికముగా 3,500. కోడలికి ఆటో 2,500. నీటి ట్యాంకరు వంతు 1,500. మొత్తము 7,500. మిగిలినది 500. రోజునకు రెండు గంటలు అధికముగా దారిలో పోయినచో, నెలకు 25 పనిదినములకు 50 గంటలు. రెండు పగళ్లు, రెండు రాత్రులు రోడ్డుమీద గడపి, మిగిల్చినది ఐదువందలు. పిల్ల తండ్రిని నిద్రలోనే చూచుచున్నది. ఐదవ తరగతి బాలుడు చేయగల ఈ కూడిక తీసివేతలను ఇంజనీర్లు వేసికొనక పోవుట నాకు వింతగా తోచును.

ట్యాంకరు మాట వచ్చినది గనుక చెప్పుచున్నాను. శివార్లలో అనేకచోట్ల నల్లా నీరు చాలినంత రాదు. బోరు ఫాల్గుణము వరకు పోయును, చైత్రమున ఎండును. పైని ఎల్లంపల్లి వద్ద మన గోదావరి నీటినే ఎత్తి 2015 తరువాత హైదరాబాదునకు పంపుచున్నారు. మంజీర, కృష్ణల నీరును ఆ నగరమునకు పోవుచున్నది. అయినను గొట్టము ప్రతి వీధికిని చేరవలెను గదా! "నల్లా ఉందా?" యని మాత్రమే అడుగక, "వారానికి ఎన్నిసార్లు వస్తుంది, మే నెలలో ట్యాంకర్లు ఎన్ని తెప్పించారు, ఆ ఖర్చు అద్దెలో కలిసిందా, వేరా?" యని అడుగవలెను.

ఆడపిల్లలను పంపువారికి మరియొక మాట. క్షేమమనగా ఊరి పేరు కాదు. ఫలాన కాలనీ మంచిది, ఫలానది చెడ్డది యని విని నిశ్చయింపరాదు. అందులో చాలవరకు కులమతముల గొణుగుడే యుండును. బస్సు గాని మెట్రో గాని దిగిన చోటినుండి ఇంటి గుమ్మము వరకు గల నడకదారియే క్షేమము. పిల్ల రాత్రి తొమ్మిదిగంటలకు దిగునన్నచో, మనము రాత్రి తొమ్మిదిగంటలకే ఆ దారిని ఒకసారి నడచి చూడవలెను. దీపములు వెలుగుచున్నవా? దుకాణములు తెరచియున్నవా? దారిలో ఆడవారు కనబడుచున్నారా? ఈ మూడును ఉన్నచో పదినిమిషముల నడకయైనను భయములేదు. లేనిచో రెండు నిమిషములైనను వలదు. 2014 అక్టోబరులో హైదరాబాదు పోలీసువారు షీ టీములను ఏర్పరచిరి. ఆపదలో 100 గాని 112 గాని త్రిప్పవచ్చునని పిల్లకు చెప్పియుంచుడు. తెలంగాణములో 2023 డిసెంబరు 9 నుండి సిటీ బస్సులలో ఆడవారికి టికెట్టు లేకుండ ప్రయాణము కల్పించిరి గాని, అది ఆ రాష్ట్రవాసులకు. మన చిరునామా గల కార్డు చూపిన చెల్లదు.

కొనుట సంగతికి వచ్చెదను. ఒక సంవత్సరము ఆ ప్రాంతముననే అద్దెకుండి, ఒక వేసవిని, ఒక వానకాలమును చూచిన పిదప కొనుడు. అద్దెయిల్లు తప్పైనచో రెండునెలల అడ్వాన్సుతో పోవును. కొన్న యిల్లు తప్పైనచో తాతలనాటి పొలముతో పోవును. 2016 నాటి రెరా చట్టము ప్రకారము 500 చదరపు మీటర్ల స్థలమునకు గాని ఎనిమిది వాటాలకు గాని మించిన కట్టడమును రెరాలో నమోదు చేయకుండ ప్రకటింపనే కూడదు, అమ్మనే కూడదు. ప్రీలాంచి అను పేరున, ఇంకను నమోదు కాలేదు గనుక సగము ధరకే యిత్తుమనువాడు, తాను చట్టమును మీరుచున్నానని తన నోటనే చెప్పుచున్నాడు. దానిని మనము రాయితీ యనుకొనుచున్నాము. నమోదు సంఖ్యతో పాటు, ఈసీని ముప్పదియేండ్ల వెనుకకు తీయించి, లింకు దస్తావేజులను వరుసగా చదువవలెను. ఈ చదువులో మన తరమువారిని మించినవారు లేరు. పిల్లలు చదువరు, చివరిపుటలో సంతకము పెట్టుదురు.

ఈ సంగతులన్నియు రేవుగట్టున ఒక్క సాయంకాలములో చెప్పలేదు. మూడు నాలుగు దినములు పట్టినవి. బాబాయిగారు శ్రావణమున మనుమనితో గూడ హైదరాబాదు పోయిరి. బొమ్మలోని స్థలమును చూచిరి. అచ్చట ఒక ప్రక్కన రేకులషెడ్డు, దానిముందు మజ్జిగ అమ్ముకొను ఒక ముసలమ్మ. ఆమెను మజ్జిగ అడిగి, త్రాగుచు, "అమ్మా, ఆ వానకి ఇక్కడ నీళ్లు ఎందాకా వచ్చాయి?" అనిరట. ఆమె షెడ్డు రేకుమీద తన భుజమునకు సమముగా చేయి పెట్టినదట.

మనుమడు ఉప్పలు దగ్గర రెండవ అంతస్తులో ఒక చిన్న వాటాను అద్దెకు తీసికొనెను. మెట్రోకు ఎనిమిది నిమిషముల నడక. రాత్రిపూట ఆ దారిని బాబాయిగారు తామే నడచి చూచిరి. ఎకరమున్నరలో ఈ సార్వాకు నాట్లు పడినవి.